నలుచదరపు మచ్చ

మా ఇంటి ఆడవాళ్లను పరాయి మగవాడు చూడకూడదు. నేను పుట్టకముందు నుంచీ ఉన్న కట్టుబాటు అది. భూములు పోయాయి. ఏనుగును కట్టిన చోట గడ్డివాము లేచింది. దివాణంలో సగం కప్పు దిగిపోయింది. ఈ ఒక్క కట్టుబాటు మాత్రం చెక్కుచెదరలేదు. అది ఉన్నన్నాళ్లూ మేము మేమేనని నా నమ్మకం. ఆ నమ్మకం మూలంగా నా భార్య ఊపిరికి ఏమైందో చూడవలసినవాళ్లు చూడలేకపోయారు. నా కూతురు దాదాపు నాలుగు నెలలు తల్లి ఒడి ఎరగకుండా ఉంది. అది రాయడానికే కూర్చున్నాను. క్షమించమని ఎవరినీ అడగడానికి కాదు. ఆ అలవాటు మా వంశంలో లేదు, ఈ వయసులో కొత్తగా నేర్చుకోలేను. జరిగింది జరిగినట్టు ఒకచోట ఉండాలి, అంతే.

గోదావరి మీద రైలు వంతెన కట్టిన కొన్నేళ్ల తరవాతి సంగతి. మా ఊరు రాజమండ్రి నుంచి కోరుకొండ వెళ్లే దారిలో ఉంది. నాకప్పటికి ముప్పై నిండలేదు. నాన్నగారు పోయారు. ఇంట్లో మా అమ్మగారు, నా భార్య, నాలుగేళ్ల అమ్మాయి, నేను. మా ఇళ్లలో భార్యనీ పసిపిల్లలనీ కూడా "మీరు" అనే పిలుస్తాం. బయటివాళ్లు నవ్వుకుంటారు. నవ్వుకోనీ.

ఆషాఢంలో ఒకరోజు నా భార్య, ఎడమ రొమ్ములో గడ్డ ఉందని చెప్పింది. ఎన్నాళ్లుగా అంటే, ఉగాదినాటికి చింతగింజంత ఉండేదట. ఇప్పుడు ఉసిరికాయంత. ఇంతకాలం ఎందుకు చెప్పలేదని కోప్పడ్డాను. చెబితే ఎవరికి చూపిస్తారండీ అని అడిగింది. అలాంటి గడ్డకు కత్తి పెట్టాలని నాకు తెలుసు. కత్తి పట్టేది మగ డాక్టరు.

రాజమండ్రిలో నాకు చదువు చెప్పిన మాస్టారొకరు అప్పట్లో ఇంగ్లీషు పత్రికలు తెప్పించుకునేవారు. మద్రాసులో ఒక కిరణాల యంత్రం వచ్చిందని, ఎముకలను చూడడానికే కాక గడ్డలు కరిగించడానికి కూడా వాడుతున్నారని ఆయన చెప్పారు. కత్తి అక్కర్లేదట. నెత్తురు చుక్క రాలదట. చెయ్యి కూడా తగలనక్కర్లేదట. మిగిలినవన్నీ ఒక ఎత్తు, ఆ చివరి మాట ఒక ఎత్తు. చెయ్యి తగలదు. నేను ఇంకేమీ అడగలేదు. ఆ కిరణం మనిషి లోపలికి వెళ్లి ఏం చేస్తుంది, గడ్డ దగ్గర ఆగుతుందా, వెనక ఉన్నదాని సంగతేమిటి, ఇవేవీ అడగాలని కూడా తోచలేదు.

ఊళ్లో కంచి మొక్కు అని చెప్పాం. అమ్మాయిని అమ్మగారి దగ్గర వదిలి మద్రాసు వెళ్లాం.

యంత్రం నడిపే మనిషి నడివయసు వాడు, నెమ్మదస్తుడు. అతని చేతులు చూసి నాకు కంపరం పుట్టింది. వేళ్ల చివర పుళ్లు, గోళ్లు నల్లబడి పగిలి ఉన్నాయి. అదేమిటని అడిగితే, ఈ పనిలో మామూలేనండి అన్నాడు. ఆ చేతులు నా భార్యకు తగలకూడదని అనుకున్నాను తప్ప, ఆ చేతులను అలా చేసింది ఏమిటని అనుకోలేదు. ఇప్పుడు తలచుకుంటే అన్నిటికన్నా ఎక్కువగా గుచ్చుకునేది ఇదే. సమాధానం నా కళ్ల ముందు వేళ్లాడుతోంది, నేను దాని అంటు చూసుకుంటున్నాను.

గడ్డ ఎక్కడుందో చూడకుండా యంత్రాన్ని గురిపెట్టడం కుదరదని అతను చెప్పాడు. ఒకపూటంతా వాదన జరిగింది. చివరికి నేనే ఉపాయం చెప్పాను. దళసరి గుడ్డతో మెడ నుంచి నడుము దాకా రవిక కుట్టించి, గడ్డ ఉన్నచోట అరచేయంత నలుచదరం కత్తిరించాను. అతనికి కనిపించేది అంతవరకే. దానిమీద అంతే కన్నం ఉన్న సీసపు రేకు అతను పెట్టుకుంటాడు. ముఖం మీద ముసుగు సరేసరి.

బసలో నేను కత్తెర పట్టుకుని కూర్చుంటే నా భార్య నా చేతిలోంచి గుడ్డ లాక్కుంది. "ఇలా వదిలేస్తే పోగులు లేస్తాయండీ," అని ఆ కన్నం చుట్టూ అంచు మడిచి కుట్టింది. కుట్టి, ఎత్తి పట్టుకుని, అందులోంచి నన్ను చూసింది. "పెళ్లిపీటల మీద కూడా నన్నింత జాగ్రత్తగా కప్పలేదండీ తమరు."

రోజు విడిచి రోజు, ఆరు వారాలు. నేను గుమ్మం అవతల నిలబడేవాణ్ని. లోపల చిటపటమని చప్పుడు, తలుపు సందులో ఆకుపచ్చ వెలుగు, పిడుగు పడ్డాక వచ్చేలాంటి వాసన. గడ్డ నిజంగానే కరిగింది. ఉసిరికాయ చింతగింజైంది, చింతగింజ తడిమితే దొరకనంత అయింది. చర్మం మాత్రం ఎర్రబడి, నీళ్లు కారి, పొక్కు కట్టి రాలింది. రాలినచోట నల్లటి నలుచదరం మిగిలింది, గీత గీసినట్టు. ఆవిడ దాన్ని 'నా కిటికీ' అనేది. గుడ్డ చూపును ఆపింది. సీసం చుట్టుపక్కల కిరణాన్ని ఆపింది. ఆ కిటికీలోంచి లోపలికి పోయినదాన్ని ఆపింది ఏదీ లేదు.

దసరా ముందు ఇల్లు చేరాం. మద్రాసు సంగతి మా ఇద్దరి మధ్యే ఉండాలని ఆవిడ చేత ఒట్టు వేయించుకున్నాను. అమ్మగారికి కూడా చెప్పలేదు. కార్తీకం హాయిగా వెళ్లింది. మేము గెలిచామనుకున్నాను.

మార్గశిరంలో దగ్గు మొదలైంది. పొడిదగ్గు. కఫం లేదు, జలుబు లేదు. మంచు పడిందన్నారు. మిరియాల పాలు, వాము పొగ, అన్నీ అయ్యాయి. పుష్యంలో ఆవిడ వంటింటి నుంచి పడకగదికి నడిచి గుమ్మం పట్టుకుని ఆగడం మొదలుపెట్టింది. ఏమండీ అంటే, ఏం లేదండీ అనేది. నాకు చెవులు రిక్కించే అలవాటు అప్పుడే పట్టుకుంది. ఏ గదిలో ఉన్నా ఆవిడ అడుగులు లెక్కపెట్టేవాణ్ని. తొమ్మిది, పది, అని ఆగిపోతే, మళ్లీ అడుగు వినిపించేదాకా చేతిలో పనేదైనా అలాగే పట్టుకుని కూర్చునేవాణ్ని.

ఫాల్గుణంలో కోరుకొండ నరసింహస్వామి కల్యాణం. ఆ కల్యాణానికి తలంబ్రాల పళ్లెం ఒకటి మా ఇంటి నుంచి వెళ్లేది. ఇంటి కోడలు దాన్ని పట్టుకుని కొండ మెట్లు కాలినడకన ఎక్కాలి. డోలీ పనికిరాదు. చుట్టూ నలుగురు ఆడవాళ్లు తెరలు ఎత్తిపట్టుకుని కూడా ఎక్కుతారు, ముందు ఇంటి యజమాని నడుస్తాడు. మాకు మిగిలిన మర్యాద అదొక్కటే. ఆ ఏడు వద్దని నేను అనగలిగేవాణ్ని. అనలేదు. వద్దంటారేమోనని ఆవిడా అడగలేదు.

ఆ మెట్లు నిట్టనిలువుగా ఉంటాయి. సగం ఎక్కాక వెనక అలికిడి ఆగింది. తిరిగి చూస్తే తెర నిలిచిపోయి ఉంది. కింద జనం తలలెత్తి చూస్తున్నారు. తెర లోపల ఏం జరుగుతోందో తెర పట్టినవాళ్లకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. నాకైనా తెలిసింది చెవులతోనే, గొంతులో ఏదో అడ్డుపడ్డ మనిషి గాలి లాక్కునే చప్పుడు. దగ్గరికి వెళ్లాలి. వెళ్తే జనానికి తెలుస్తుంది. నేను ముందుకు తిరిగి, నడుము నిటారుగా పెట్టి, ఏదో ఆచారం కోసం ఆగినట్టు నిలబడ్డాను. కాసేపటికి తెర కదిలింది. మళ్లీ ఆగింది. ఆవిడ మెట్టు మీద కూర్చుని, పళ్లెం పై మెట్టు మీద పెట్టి, దాని వెనక తను జరిగి, అలా ఎక్కిందని తెర పట్టినవాళ్లు తరవాత చెప్పారు. ఆ ఏడు దివాణం వారి నడక ఎంత నిదానంగా, ఎంత దర్జాగా ఉందోనని కింద జనం అనుకున్నారట.

దాచడానికి ఇంక వీల్లేకపోయింది. అమ్మగారు వైద్యులుగారిని పిలిపించారు. ఆయన తెర ఇవతల కూర్చున్నారు, నా భార్య తెర అవతలి నుంచి చెయ్యి చాచింది. ఆయన కళ్లు మూసుకుని నాడి పట్టుకున్నారు. పొడిదగ్గు, ఆయాసం, చిక్కిపోవడం. చెయ్యి వదిలి నన్ను వసారాలోకి తీసుకువెళ్లి, క్షయ అన్నారు. పసిదాన్ని దూరం పెట్టమన్నారు.

ఆ మధ్యాహ్నమే నా భార్యను పెరటి వైపు తోటగదిలోకి మార్చారు. అమ్మగారు గిన్నెలో సున్నం కలిపి, పెరటి మధ్య గోడ నుంచి గోడకు గీత గీశారు. అమ్మాయిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి చూపించారు.

"ఇది దాటకూడదమ్మా తమరు. దాటితే అమ్మకి జబ్బు ఎక్కువైపోద్ది."

తనకి జబ్బు వస్తుందంటే ఆ పిల్ల లెక్కచేసేది కాదని అమ్మగారికి తెలుసు. అమ్మకి ఎక్కువవుతుందంటే రాయిలా నిలబడిపోయింది.

రెండో రోజుకల్లా తల్లీకూతుళ్లు ఒక ఉపాయం కనిపెట్టారు. కొబ్బరాకు చుట్టి బూర చేసి ఊదుతారు కదా, అలాంటివి రెండు. అమ్మాయి గీత ఇవతల నిలబడి ఊదేది. తోటగది కిటికీలోంచి తల్లి ఊదేది. పిల్లది ఎంతసేపు ఊదితే తల్లి అంతసేపు ఊదాలట, అదీ ఆట. మొదట్లో జవాబు బాగానే వచ్చేది. రానురాను పొట్టిదైంది. నేను కచేరీ సావిడిలో కూర్చుని ఆ రెండు కూతలనూ పోల్చి చూసుకునేవాణ్ని. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. ఎంత తేడా ఉంటే ఎన్నాళ్లు మిగిలినట్టు? అలాంటి పిచ్చి లెక్కలు మనసులో తిరిగేవి.

అసలు భయం ఇంకొకటి ఉంది. ఇది క్షయ కాదేమో అని. ఎడమవైపే ఎందుకు బిగపట్టినట్టు ఉంటోందండీ, సగానికే నిండే బిందెలా, అని ఆవిడ ఒకసారి అంది. ఆ ఎడమవైపు ఏముందో ఇద్దరికీ తెలుసు. ఇద్దరమూ వేరే మాటలోకి వెళ్లిపోయాం.

చైత్రం చివర రాజమండ్రి మిషను ఆసుపత్రి నుంచి డాక్టరమ్మను పిలిపించాను. దొరసాని. ఆడమనిషి కాబట్టి అమ్మగారు ఒప్పుకున్నారు, అయినా రవిక విప్పడానికి ఒప్పుకోలేదు. నేనూ అమ్మగారి పక్షమే. డాక్టరమ్మ మా ముఖాలు చూసి, చీర కొంగు మీదే గొట్టం పెట్టి విన్నది. బయటికి వచ్చి, పుస్తకంలో రాసినట్టుండే తెలుగులో నన్ను అడిగింది: ఈమెకు ఇంతకుముందు వేరే ఏదైనా చికిత్స జరిగినదా?

లేదన్నాను.

చాలా తేలికగా వచ్చింది ఆ మాట. వెనకే నా భార్య తెర అవతల ఉంది. విన్నది. దగ్గింది.

డాక్టరమ్మ కఫం తీసి పరీక్షకు పంపమంది. అతికష్టం మీద వచ్చిన కొంచెం పంపాం. క్షయ పురుగు కనపడలేదని జవాబు వచ్చింది. మళ్లీ పంపాం, మళ్లీ లేదు. మూడోసారీ లేదు. నాకు ధైర్యం రావలసిందిపోయి మద్రాసు గుర్తొచ్చింది. కనపడనంత మాత్రాన లేదని కాదని, పిల్లను దగ్గరికి రానివ్వవద్దని డాక్టరమ్మ కబురు పెట్టింది. దక్షిణాదిన కొండల మీద ఇలాంటి రోగులను ఉంచే చోటు ఒకటుందని, అక్కడికి పంపితే మంచిదని, ఏడాదో రెండేళ్లో పట్టవచ్చని కూడా రాసింది. అమ్మగారు సరేనన్నారు. జ్యేష్ఠం వెళ్లాక ప్రయాణం అనుకున్నాం.

వారానికోసారి ఆసుపత్రి నర్సు మందు తెచ్చేది. ఆవిడ క్రైస్తవురాలు. ఆవిడ తాతముత్తాతలు మా పొలాల్లో పనిచేసినవాళ్లు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. సున్నపు గీత తొక్కకుండా చెంగున దాటి లోపలికి వెళ్లేది. ఒకరోజు బయటికి వస్తూ నా ముందు ఆగింది.

"బాబుగారూ, ఒక మాట అంటే కోప్పడరు కదండీ."

చెప్పమన్నాను.

"మా డాక్టరమ్మగారు ఇప్పటిదాకా చీరకి వైద్యం చేశారండి. మనిషిని ఇంకా చూడలేదు. ఆ చీరకి క్షయ ఉందో లేదో తేలట్లేదండి పాపం."

నాకు ఒళ్లు మండింది. హద్దు తెలుసుకుని మాట్లాడమన్నాను.

"హద్దేగదండీ, తెలుసండి. పెరట్లో సున్నంతో గీశారు, రోజూ దాటుతున్నాను," అంది. నవ్వలేదు. గొంతు తగ్గించింది. "చిన్నమ్మగారు ఏదో దాస్తున్నారండి. దగ్గొచ్చినప్పుడల్లా ఎడమ చెయ్యి రొమ్ము మీద అడ్డం పెట్టుకుంటారు. నొప్పున్నవాళ్లు పట్టుకునే తీరు అది కాదండి. చూస్తారేమోనని పట్టుకునే తీరు. ఎవరో ఒట్టేయించుకుని ఉంటారు."

ఆవిడ వెళ్లిపోయింది. ఆ రోజంతా ఎవరు పలకరించినా ఉలిక్కిపడ్డాను.

ప్రయాణానికి నాలుగు రోజులుందనగా, పొద్దున అమ్మాయి ఎప్పటిలాగే వచ్చి బూర ఊదింది. జవాబు రాలేదు. మళ్లీ ఊదింది. రాలేదు. మూడోసారి ఊదినప్పుడు నేను సావిడిలోంచి లేచాను. పెరట్లో పిల్ల గీతకు బొటనవేళ్లు ఆనించి నిలబడి, తోటగది వైపే చూస్తూ, ఆగకుండా ఊదుతోంది. ముఖం ఎర్రబడిపోయింది. గీత మాత్రం దాటలేదు.

నేను దాటి లోపలికి వెళ్లాను. నా భార్య మంచం మీద కూర్చుని ఉంది. బూర ఒళ్లో ఉంది. పెదాల దాకా తీసుకువెళ్లి దించేసిందట. పక్కన పెట్టె మూత తెరిచి ఉంది. అడుగున దాచిన రవిక బయటికి తీసి మోకాళ్ల మీద పరుచుకుంది, మద్రాసుది, నలుచదరపు కన్నం చుట్టూ తన కుట్టుతో. మూడేసి మాటలకొకసారి ఆగుతూ మాట్లాడింది.

"కొండల మీదికి వెళ్తానండీ. వెళ్లనని అనను. కానీ అక్కడ ఇది క్షయ అని చచ్చిపోతే, మన అమ్మాయి జీవితమంతా క్షయ రోగి కూతురండి. సంబంధాల దాకా పాకుద్ది. నేనే అంటించాననుకుని తను దగ్గినప్పుడల్లా భయపడుద్ది." కాసేపు ఊపిరి కూడగట్టుకుంది. "ఒట్టు తీసెయ్యమని అడగట్లేదు. మీరేం మాట్లాడక్కర్లేదు. ఈ గుడ్డ తీసుకెళ్లి డాక్టరమ్మ బల్లమీద పెట్టండి. గుడ్డే చెబుద్ది."

బయట బూర ఆగలేదు.

ఆ పూటే బండి కట్టించి రాజమండ్రి వెళ్లాను. ఆసుపత్రి వసారాలో బల్ల మీద మాలవాళ్లు, మాదిగవాళ్లు, ఒక పడవవాడి భార్య, అందరి మధ్యా నా వంతు వచ్చేదాకా కూర్చున్నాను. కండువా మడతలో గుడ్డ ఉంది. లోపలికి వెళ్లి బల్ల మీద పెట్టాను. డాక్టరమ్మ దాన్ని ఎత్తి, కన్నంలో చెయ్యి పెట్టి, నా వైపు చూసింది.

గుడ్డ చెప్పలేదు. నేనే చెప్పవలసి వచ్చింది. గడ్డ, మద్రాసు, యంత్రం, ఆరు వారాలు, అంతా. ఆవిడ వినడం అయ్యాక, రెండు నెలల క్రితం నేను మిమ్మల్ని అడిగాను అంది. అడిగారు అన్నాను. మీరు లేదన్నారు అంది. అన్నాను అన్నాను. ఇంకెవరైనా అయితే చేతులు జోడించేవాళ్లేమో. నేను నిటారుగా నిలబడే ఉన్నాను. కానీ బల్ల అంచు వదల్లేదు.

ఆవిడ నర్సును తీసుకుని మా బండిలోనే బయల్దేరింది. తోటగదిలో అమ్మగారు అడ్డం వచ్చారు. నేను అమ్మగారిని చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చాను. జన్మలో మొదటిసారి ఆవిడ మాట కాదన్నాను. డాక్టరమ్మా నర్సూ తలుపు వేసుకున్నారు. చాలాసేపు పట్టింది. ఆ తలుపు బయట నిలబడడం మద్రాసులో నిలబడ్డట్టే ఉంది. లోపల ఒక వేలి మీద మరో వేలితో కొట్టే చప్పుడు, టక్ టక్, కొంచెం జరిగి మళ్లీ టక్ టక్.

డాక్టరమ్మ చేతులు కడుక్కుని బయటికి వచ్చింది. నల్ల మచ్చ కింద ఊపిరితిత్తి గట్టిబడిందని, కొట్టి చూస్తే అక్కడ మొద్దు చప్పుడు వస్తోందని, గొట్టం పెడితే ఎండాకు నలిపినట్టు వినిపిస్తోందని చెప్పింది. మచ్చ గీత దాటి రెండు వేళ్లు ఇవతలకు వస్తే చప్పుడు మారిపోతోందట. కుడివైపు శుభ్రంగా ఉందట. సాయంత్రం జ్వరం లేదు, కఫంలో పురుగు లేదు.

"క్షయ వ్యాధి నలుచదరముగా రాదు," అంది. తరవాత మరో మాట అంది, అందుకు ఆవిణ్ని నేను ఇప్పటికీ గౌరవిస్తాను. "ఇది ఏమిటో నా పుస్తకములలో లేదు. మద్రాసుకు వ్రాసెదను. వారికి కూడా తెలియకపోవచ్చును. అంటుకొను వ్యాధి కాదని మాత్రము నా పేరు మీద చెప్పగలను."

నాకు తెలియవలసినదంతా అప్పుడు తెలియలేదు. ముప్పై ఏళ్లు దాటాక, వైద్యం చదువుతున్న నా మనవడు ఒకనాడు చెప్పాడు. వాడు పెరటి పాదు మీద ఎండిన బీరకాయ ఒకటి కోసి, పీచు తీసి నా చేతిలో పెట్టాడు. నీళ్లలో ముంచితే మెత్తగా పొంగుతుంది, పిండితే నీళ్లు వదులుతుంది. ఊపిరితిత్తి అలాంటిదేనన్నాడు, కాకపోతే కన్నాలు కంటికి కనపడనంత చిన్నవి, గోడలు ఉల్లిపొర కన్నా పల్చన. కిరణం ఆ గోడల్లోని అణువులను తాకుతుంది. తాకిన రోజున ఏమీ తెలియదు. వారాలు గడిచాక గోడలు వాచి నీరు ఊరుతుంది, అదే పొడిదగ్గు. ఒళ్లు ఊరుకోదు, బాగుచెయ్యడానికి పూనుకుంటుంది. తెగినచోట పోగులు వేసి కుడుతుంది. మామూలు గాయమైతే కుట్టి ఆపేస్తుంది. ఇక్కడ ఆపమని చెప్పేది ఏదో చెడిపోతుంది. కుట్టిన దానిమీదే కుట్టుకుంటూ పోతుంది, మెత్తటి పీచు కాస్తా తాడైపోతుంది. ఆపమని చెప్పేది ఏమిటి, అది ఎలా చెడుతుంది అని అడిగాను. అది మాకూ ఇంకా తెలియదు తాతగారూ, వెతుకుతున్నాం అన్నాడు. నేను బీరపీచు ఎత్తి దాని కన్నాల్లోంచి వెలుతురుకేసి చూశాను. రవికలో ఆ కన్నం అంచు ఆవిడే కదా కుట్టింది.

ఆ రోజుకు వస్తాను. బండి రాజమండ్రికి తిరిగి వెళ్లేముందు నర్సు పెరట్లో ఆగి, పిల్లకేసి చూసి, అమ్మ దగ్గరికి వెళ్లొచ్చమ్మా అంది. అమ్మాయి కదల్లేదు. నేను చెప్పాను. వెళ్లండమ్మా, ఏం కాదు అన్నాను. నా ముఖం చూసింది, కింద గీత చూసింది.

"దాటితే అమ్మకి ఎక్కువైపోద్దండీ."

కాదన్నాను. అబద్ధమండీ అది, అన్నాను. ఎవరు చెప్పిన అబద్ధమో చెప్పలేదు. అయినా కదల్లేదు. కిటికీలోంచి తల్లి చేతులు చాచింది. పిల్ల అటు ఒంగింది గానీ పాదం లేవలేదు. నాలుగు నెలల్లో అది నేర్చుకున్న పాఠం అంత గట్టిది. అమ్మగారు వసారాలో నిలబడి చూస్తున్నారు. నర్సు చూస్తోంది. బండివాడు చూస్తున్నాడు.

నేను కూర్చున్నాను. మట్టిలో మోకాళ్లు ఆనించి, కండువా తీసి, ఆ సున్నాన్ని తుడవడం మొదలుపెట్టాను. ఎండకు అతుక్కుపోయింది. గోటితో గీకవలసి వచ్చింది. పిల్ల కాసేపు చూసి, పక్కన కూలబడి, తనూ చేతులతో రుద్దింది. అడుగు మేర చెరిగేసరికి, ఇంక చాలండీ అని, ఆ సందులోంచి ఒంటికాలి మీద అవతలకు గెంతింది. మిగతా గీత తొక్కకుండా, ఆ సందులోంచే.

నా భార్య ఆ తరవాత తొమ్మిదేళ్లు బతికింది. ఊపిరి తిరిగి రాలేదు. కొండ మళ్లీ ఎక్కలేదు. తలంబ్రాల పళ్లెం ఇంకో ఇంటికి పోయింది. డోలీలో ఎక్కించవచ్చని దేవస్థానంవారు కబురు పెడితే వద్దన్నాను, అందులో నా గర్వం కొంత ఉందని ఒప్పుకుంటాను. అమ్మాయి దగ్గినప్పుడల్లా నేను లేచి కూర్చునేవాణ్ని, డాక్టరమ్మ తన పేరు మీద చెప్పినా సరే. ఆ భయం ఎన్నడూ పోలేదు.

గీత చెరిపిన ఆ సాయంత్రం మాత్రం తోటగది తలుపు తీసి ఉంది. నేను సావిడిలో చెవులు రిక్కించి కూర్చున్నాను. ముందు పొడుగు కూత ఒకటి వినిపించింది, ఆ వెంటనే పొట్టి కూత ఒకటి. అమ్మా, మీ వంతు కూడా నేనే ఊదుతానండీ, మీరు ఊరికే పట్టుకోండి చాలు అని పిల్ల చెప్పడం, తరవాత రెండూ ఒకే పొడుగున రావడం విన్నాను.